కీచుమన్న క్యాసెట్టు

మా అత్తయ్యగారూ మావయ్యగారూ విజిట్ వీసా మీద దోహా వస్తున్నారని తెలియగానే, ఏమేం తేవాలో నెల ముందే ఫోన్లో లిస్టు పంపాను. గోంగూర పచ్చడి, కందిపొడి, ఎండు మెత్తళ్ళు, పూతరేకులు. ఇద్దరు వస్తున్నారు, సామాను బాగానే తెచ్చుకోవచ్చు కదా అని సిగ్గుపడకుండా ఇంకో నాలుగు రకాలు చేర్చాను. ఎయిర్‌పోర్టు నుంచి ఉమ్ ఘువైలినాలోని మా ఫ్లాటుకి రాగానే, కాళ్ళు కడుక్కోమనైనా చెప్పకుండా అన్నిటికంటే పెద్ద పెట్టె తెరిచాను. రెండు లుంగీలు, ఒక దుప్పటి, వాటి మధ్య పసిపిల్లని చుట్టినట్టు చుట్టిన ఒక పాత కంప్యూటరు. దాని పక్కన ఒక టేప్ రికార్డరు, బిస్కెట్ల డబ్బా నిండా తీగలు. పచ్చడి సీసా ఒక్కటంటే ఒక్కటి, అత్తయ్యగారి చీరల మధ్య దొరికింది.

"ఇదేంటి మావయ్యగారూ?"

"మన కంప్యూటరే అమ్మా. ఇక్కడే కొన్నాను. పుట్టింటికి తీసుకొచ్చాను" అన్నారాయన సంబరంగా.

అది నిజమే. నలభై ఏళ్ళ కిందట, కాస్త అటూ ఇటూగా, మా ఆయన ఇంకా మూడేళ్ళ పిల్లాడుగా ఉన్నప్పుడు, మావయ్యగారు ఇదే దోహాలో ఒక కట్టుబడి కంపెనీ స్టోర్లో పనిచేసేవారు. సిమెంటు బస్తాలూ ఇనుప చువ్వలూ లెక్కపెట్టే ఉద్యోగం. అప్పట్లో ఇళ్ళల్లోకి కొత్తగా వస్తున్న కంప్యూటర్లలో ఒకటి ఆయన కొన్నారు. ఇప్పటి పిల్లలకి దాన్ని చూపిస్తే కంప్యూటర్ అంటే నమ్మరు. కీబోర్డు ఒక్కటే ఉంటుంది, కంప్యూటరంతా దాని పొట్టలోనే. తెర ఉండదు, ఇంట్లో ఉన్న టీవీకి తగిలించుకోవాలి. కరెంటు తీసేస్తే అప్పటిదాకా మనం చెప్పినదంతా మర్చిపోతుంది. మర్చిపోకూడదనుకుంటే పాటలు వినే మామూలు క్యాసెట్టులోకి ఎక్కించి దాచుకోవాలి. మళ్ళీ కావాలంటే ఆ క్యాసెట్టుని టేప్ రికార్డరులో వేసి, తీగతో కంప్యూటరుకి కలిపి, అది తిరిగినంతసేపూ కూర్చోవాలి. మా పెట్టెలో వచ్చిన దాని మీటల మీద ఇంగ్లీషుతో పాటు అరబిక్ అక్షరాలు కూడా ఉన్నాయి. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ఆఫీసరు దాన్ని చూసి ఆపి, తన చిన్నప్పుడు వాళ్ళింట్లోనూ ఒకటుండేదని చెప్పి, మీటల మీద రెండు నిమిషాలు వేళ్ళు ఆడించి పంపేశాడట. మావయ్యగారు ఈ కథని మొదటి రోజే నాకు నాలుగుసార్లు చెప్పారు.

నేను లుసైల్‌లో ఒక కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ఒక డ్రాయింగు మారిందంటే పాతది ఎవరి దగ్గరుంది, కొత్తది ఎవరికి చేరింది అని రోజంతా వెంటపడటమే నా డ్యూటీ. ఏ కాగితానికైనా రెండో కాపీ లేదంటే నాకు ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది. ఆ నెలలో డ్రాయింగులన్నీ క్లయింటుకి అప్పజెప్పే పెద్ద సబ్మిషన్ ఉంది. ఇంటికి రాగానే కాస్త నడుం వాల్చాలని తప్ప నాకు వేరే కోరికేమీ లేదు. అలాంటి సమయంలో మా హాల్లో డైనింగ్ టేబుల్ మీద మావయ్యగారు దుకాణం పెట్టారు. పళ్ళెం పెట్టుకోవడానికి చోటు లేదు. అందరం సోఫాలో కూర్చుని ఒళ్ళో కంచాలు పెట్టుకుని తిన్నాం.

మూడో రోజు అసలు సంగతి బయటపడింది. మావయ్యగారు ఆ కంప్యూటర్లో తెలుగు అక్షరాలు చేశారట.

ఆ రోజుల్లో ఇక్కడ తెలుగు క్రైస్తవులు పది పన్నెండు కుటుంబాలే. వారానికొకరి ఇంట్లో కూడి ప్రార్థన చేసుకునేవారు. పాటల పుస్తకాలు రెండే ఉండేవి. ఒక పుస్తకం మీద ఆరుగురు వంగి పాడితే వెనకవాళ్ళకి పల్లవి తప్ప ఏమీ వచ్చేది కాదు. పాట టీవీలో పెద్ద అక్షరాలతో కనిపిస్తే అందరూ తలెత్తి పాడొచ్చు కదా అని మావయ్యగారికి తోచింది. ఆ యంత్రానికి తెలుగు రాదు. గ్రాఫ్ పుస్తకంలో ఎనిమిది గళ్ళు అడ్డంగా, ఎనిమిది గళ్ళు నిలువుగా గీసుకుని, పెన్సిలుతో ఏ గడి నింపితే 'అ' అవుతుందో, ఏది వదిలేస్తే 'ఆ' అవుతుందో చూసుకుని, ఒక్కో వరసనీ ఒక్కో అంకెగా మార్చి కంప్యూటరుకి చెప్పేవారట. 'ఖ' ఒక్కదానికే వారం పట్టిందట. ఒత్తులు కింద వరసలోకి జారిపోయేవట. డ్యూటీ అయ్యాక రోజూ కూర్చుని, ఆరు నెలల్లో అక్షరాలన్నీ పూర్తిచేసి క్యాసెట్టులోకి ఎక్కించారు.

"ఆ క్యాసెట్టు ఇదే" అని చొక్కా జేబులోంచి తీసి చూపించారు. పాతకాలపు క్యాసెట్టు, మీద ఆయన ముత్యాల్లాంటి చేతిరాతతో 'తెలుగు' అని ఉంది.

"ఇంకో కాపీ ఎక్కడుంది?" అన్నాను. నా నోట్లోంచి మొదట వచ్చేది అదే.

"ఒక్కటే."

"గ్రాఫ్ పుస్తకం?"

"చెదలు తినేశాయి."

"అంకెలు గుర్తున్నాయా?"

"ఎలా గుర్తుంటాయమ్మా, వందల కొద్దీ అంకెలు? అంతా ఇందులోనే ఉంది."

నాకు ఒళ్ళు మండింది. ఆరు నెలల పనిని ఒక్క క్యాసెట్టులో పెట్టుకుని నలభై ఏళ్ళు తిరిగిన మనిషిని నేనెక్కడా చూడలేదు. పోనీ తీరిగ్గా చూసుకోండి, వచ్చినప్పుడు వస్తుంది అందామనుకున్నాను. ఆ మాట అనేలోపే ఆయన రెండో బాంబు వేశారు.

"మీ చర్చి పాస్టరుగారికి చెప్పేశాను. వచ్చే శుక్రవారం కాక ఆ పై శుక్రవారం ఆరాధనలో చూపిస్తానని. పాతవాళ్ళు ఇంకా ఒకళ్ళిద్దరున్నారుగా, సంతోషిస్తారు. ఆయన స్టేజీ మీద అనౌన్స్ కూడా చేస్తానన్నారు."

"ఒక్కసారి నడిపి చూశాక చెప్పాల్సింది కదా మావయ్యగారూ."

"వస్తుందమ్మా" అన్నారు. అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మాట పొద్దున్న ప్రార్థనలా మోగింది.

మా కొత్త టీవీకి ఈ కంప్యూటరు భాష అర్థం కాలేదు. తెర నీలంగా మారి 'సిగ్నల్ లేదు' అని చెప్పి ఊరుకుంది. పాత లావుపాటి టీవీ కావాలన్నారు. మా ఆయన డ్యూటీ పేరు చెప్పి చేతులు దులుపుకున్నారు. "నీకు గ్రూపుల్లో అందరూ తెలుసుగా" అన్నారు నాతో, అదేదో మెచ్చుకోలు అయినట్టు. గ్రూపులన్నిట్లో అడగ్గా అడగ్గా, అల్ హిలాల్‌లో ఒక విల్లా ఖాళీ చేస్తున్న కుటుంబం తమ దగ్గరున్న టీవీని ఊరికే తీసుకెళ్ళమంది. లంచ్ బ్రేకులో వెళ్ళాను. ఎండలో నేనూ ఆ ఇంటి డ్రైవరూ కలిసి ఆ బండని కారు వెనక సీట్లోకి ఎక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆఫీసుకి అరగంట ఆలస్యంగా వెళ్ళి, చెమట వాసనతో మీటింగులో కూర్చున్నాను.

టీవీ వెలిగింది. కంప్యూటరు కూడా వెలిగింది, నేను మనసులో వద్దనుకున్నా సరే. టేప్ రికార్డరు మాత్రం కదల్లేదు. దాన్ని పట్టుకుని మావయ్యగారూ నేనూ మా వీధి చివర మొబైల్ రిపేరు షాపుకి వెళ్ళాం. షాపతనిది నిజామాబాద్ వైపు. నన్ను చూస్తే తెలుగు, పక్క కస్టమర్ని చూస్తే ఉర్దూ, ఫోను ఎత్తితే అరబిక్ మాట్లాడతాడు. మూత విప్పి లోపల వేలు పెట్టి చూశాడు.

"బెల్టు కరిగిపోయింది సార్. లోపలంత తారులెక్క అంటుకుంది. రెండు దినాలు ఆగుండ్రి, పాత వీసీఆర్‌ల బెల్టు ఏమన్న సరిపోతదేమో చూస్త. పాటలు ఇంటరా దీంట్ల?"

"పాటలు కాదు బాబూ. కంప్యూటర్ ప్రోగ్రాము ఉంది క్యాసెట్టులో" అన్నారు మావయ్యగారు.

అతను ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "క్యాసెట్ల కంప్యూటరా? నన్ను పిచ్చోన్ని చేస్తున్రా మేడమ్?"

మావయ్యగారు అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని మొదటినుంచీ మొదలుపెట్టారు. కస్టమ్స్ ఆఫీసరు కథ కూడా వచ్చింది. వెనక ఇద్దరు కస్టమర్లు నిలబడ్డారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండు రోజుల తర్వాత టేప్ రికార్డరు తిరిగింది. ఇక ఇంట్లో మా పని చూడాలి. కంప్యూటరుకి లోడ్ చెయ్యమని చెప్పి టేప్ నొక్కుతారు. చక్రాలు తిరుగుతాయి. తీగ గుచ్చితే ఆ టేప్ రికార్డరు స్పీకరు మూగబోతుంది, లోపలి శబ్దమంతా కంప్యూటరుకే వెళ్తుంది. తీగ వదులైతే మళ్ళీ మొదటికొస్తుందని మావయ్యగారు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వరు, తనూ ముట్టుకోరు. అందుకని గదిలో చడీచప్పుడూ ఉండదు. అందరం తెర వైపు చూస్తూ కూర్చుంటాం. తెర మీద చిన్న చదరం ఒకటి ఉంటుంది. అది కదలదు. తప్పు అని కూడా చెప్పదు, వినబడాల్సింది వినబడేదాకా ఎదురుచూస్తూ ఉంటుందంతే. క్యాసెట్టు ఆ చివరికి పోతుంది. మావయ్యగారు వెనక్కి తిప్పి, వాల్యూమ్ ఒక గీత పెంచి, మళ్ళీ మొదలు. ఇంకో గీత. చిన్న స్క్రూడ్రైవరుతో లోపల ఏదో మర తిప్పి, మళ్ళీ మొదలు. నేను ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఏ భంగిమలో ఉన్నారో వచ్చేసరికీ అదే భంగిమ.

"ఇంకో టేప్ రికార్డరు చూద్దామా?" అంటే, "దీనిదేం తప్పు లేదమ్మా. నేనే సరిగ్గా పెట్టలేకపోతున్నాను" అనేవారు. అలా తనని తాను అనుకోవడం నాకు చికాకు తెప్పించేది. ఒకరోజు అడిగేశాను, ప్రతిదానికీ మీదే తప్పంటారేమిటని.

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టారు. అప్పట్లో కంపెనీ వాళ్ళు స్టోరులో కంప్యూటర్ సెక్షన్ పెట్టబోతున్నారట. మేనేజరుకి ఎవరో చెప్పారు, స్టోర్లో ఒకతను ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని ఏదో భాష రాయిస్తున్నాడని. తీసుకొచ్చి చూపించమన్నాడు. చూపిస్తే ఆ సెక్షన్ నీదే అన్నాడు. మావయ్యగారు చొక్కా ఇస్త్రీ చేయించుకుని, కంప్యూటరూ క్యాసెట్టూ పట్టుకుని వెళ్ళారు. ఆఫీసు టీవీకి తగిలించి, టేప్ నొక్కారు. ఇదే చదరం, ఇలాగే కదలకుండా. మేనేజరు పావుగంట కూర్చుని, వాచీ చూసుకుని, ఖలాస్ అని లేచి వెళ్ళిపోయాడు. ఆ సెక్షన్ ఇంకెవరికో వెళ్ళింది. మావయ్యగారు మళ్ళీ సిమెంటు బస్తాల దగ్గరికి వెళ్ళారు, రిటైరై ఊరు వెళ్ళేదాకా అక్కడే ఉన్నారు.

"అప్పుడు కంగారుపడ్డాను. వాల్యూమ్ సరిచూసుకోలేదు. లేకపోతే ఎక్కించేటప్పుడే ఏదో తప్పు చేశాను. నాకంత తెలివి లేదులే అని ఆ తర్వాత దాని జోలికి పోలేదు. కానీ అందులో ఉందమ్మా. ఉందా లేదా అన్నదొక్కటి తేలాలి నాకు, అంతే" అన్నారు.

అక్కడే సోఫాలో కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్న అత్తయ్యగారు చిక్కుళ్ళ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. నేను పట్టించుకోలేదు. నాకు మావయ్యగారి మీద కోపం పోయి, ఆ చదరం మీదికి మళ్ళింది. ఆరాధనకి ఇంక నాలుగు రోజులే ఉంది. పాస్టరుగారు అప్పటికే అనౌన్స్ చేసేశారు.

మర్నాడు నాకు ఒంట్లో బాగాలేక ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశాను. మావయ్యగారు తలనూనె సీసా కొనడానికి కిందికెళ్ళారు. అత్తయ్యగారు బాల్కనీలో బట్టలు తీస్తున్నారు. టేప్ రికార్డరు ఒంటరిగా తిరుగుతోంది, చదరం ఒంటరిగా ఎదురుచూస్తోంది. అసలీ టేపులో ఏమైనా ఉందా అని విసుగుపుట్టి, ఆ తీగ పీకి పారేశాను.

కంప్యూటర్ క్యాసెట్టు పెడితే కీచుమని చెవులు చిల్లులు పడే శబ్దం వస్తుందని మావయ్యగారు చెప్పారు. నాకు ఏ కీచూ వినబడలేదు. ఒక పడుచు గొంతు వినబడింది.

"...పిల్లాడు ఇప్పుడు బాగానే అన్నం తింటున్నాడక్కా. ఇక్కడి ఎండల గురించి ఏం చెప్పమంటావు..."

గొంతు నలభై ఏళ్ళు చిన్నదైనా నాకు పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. ఆ గొంతు ముసలిదై, బాల్కనీ తలుపు దగ్గర చేతినిండా బట్టలతో నిలబడి ఉంది. అత్తయ్యగారు బట్టలన్నీ కింద పడేసి వచ్చి టేపు ఆపేశారు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఆ రోజుల్లో ఉత్తరాలు రాసేకంటే క్యాసెట్టులో మాట్లాడి పంపడం ఎక్కువ. రాయడం రానివాళ్ళకి అదే ఉత్తరం, వచ్చినవాళ్ళకీ మనిషి గొంతు వినబడుతుందని అదే ఇష్టం. ఊరికెళ్ళే మనిషి ఎవరైనా ఉంటే అతని చేతికిస్తారు. అక్కడివాళ్ళు విని, అదే క్యాసెట్టు రెండో వైపు జవాబు మాట్లాడి, తిరిగొచ్చే మనిషితో పంపుతారు. మా అమ్మకీ అలాంటి క్యాసెట్లు వచ్చేవి, నేనూ విన్నాను. అత్తయ్యగారికి ఒకరోజు హఠాత్తుగా ఊరెళ్ళే మనిషి దొరికాడట. ఇంట్లో ఉన్నవన్నీ ప్రసంగాలూ పాటలూ. ఒక్క క్యాసెట్టు మాత్రం టేపులో పెడితే కీచుమని అరిచింది. పాడైపోయింది కదా, దీన్ని వాడితే నష్టమేముందని దాని మీదే వాళ్ళ అక్కకి మాట్లాడి పంపేశారు. రెండు నెలలకి జవాబుతో తిరిగొచ్చింది. ఆ రెండు నెలలూ మావయ్యగారికి రాత్రి డ్యూటీలు పడి, ఆయన కంప్యూటరు ముట్టుకోనేలేదు. విని, తీసిన చోటే పెట్టారు. ఆ పై వారమే మావయ్యగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మేనేజరు దగ్గరికి వెళ్ళారు.

"మీద 'తెలుగు' అని రాసుంది కదా అత్తయ్యా."

"తెలుగు పాటలనుకున్నానమ్మా."



"ఆయనకి చెప్పకమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నారు. పెద్దావిడ ఆ మాట అన్నాక నేనింకేం చేస్తాను. చెప్పనని మాటిచ్చాను. ఇచ్చిన మరుక్షణం నాకు నా మీదే కోపం వచ్చింది. మావయ్యగారు నూనె సీసాతో పైకి వచ్చి, "తీగ ఊడింది చూడమ్మా, అదే కారణమేమో" అని ఆశగా మళ్ళీ గుచ్చారు.

తర్వాత రెండు రోజులూ నేను ఆయన్ని శతవిధాల ఆపాలని చూశాను. పాస్టరుగారితో వాయిదా వేయిస్తానన్నాను. ఒంట్లో బాగాలేదని చెప్దామన్నాను. ఊరికే తీసుకెళ్ళి యంత్రం చూపించి వచ్చేద్దామన్నాను. "వస్తుందమ్మా. ఆ చర్చి హాల్లో కరెంటు బాగుంటుంది" అన్నారు. కరెంటు ఎక్కడైనా ఒకటే కదా అని అరవాలనిపించింది. అత్తయ్యగారు నా కళ్ళలోకి చూడకుండా తిరిగారు. ఆవిడ మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఒక్క మాట చెప్పడానికి నలభై ఏళ్ళు చాలలేదా? మా ఆయనకి చెబుదామంటే, ఆయన కడుపులో మాట నిలవదు. ఆఫీసులో పోయిన డ్రాయింగుల కోసం పది మందిని నిలదీసే నేను, ఇంట్లో పోయిన వస్తువు ఎక్కడ పోయిందో తెలిసి కూడా నోరు మూసుకుని పప్పు తాలింపు పెట్టాను.

శుక్రవారం పొద్దున్నే టీవీని ఇద్దరు మోసుకెళ్ళి స్టేజీ మీద పెట్టారు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఎంతో ప్రేమగా పరిచయం చేశారు. మన భాషని ఈ ఎడారిలో టీవీ మీదికి తెచ్చిన పెద్దాయన అన్నారు. చప్పట్లు కొట్టారు. మావయ్యగారు కంప్యూటరుకి చెప్పాల్సింది చెప్పి, టేప్ నొక్కి, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. హాలంతా తెర వైపు చూసింది. చదరం కదల్లేదు. ఒక నిమిషమైంది, రెండు, ఐదు. పిల్లలు కుర్చీలు చప్పుడు చెయ్యడం మొదలుపెట్టారు. వెనక ఎవరో బిర్యానీ వ్యాను వచ్చిందని ఎవరికో చెప్పారు. మావయ్యగారు వాల్యూమ్ తిప్పారు.  పాస్టరుగారు దగ్గరికెళ్ళి, "పర్లేదు బ్రదర్, తర్వాత చూద్దాం" అన్నారు.

మావయ్యగారు మైకు తీసుకున్నారు.

"క్షమించండి. నేను అప్పుడు సరిగ్గా ఎక్కించలేదనుకుంటాను. అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాలేదు. మీ టైమంతా పాడుచేశాను" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. మాటిచ్చానన్నది కూడా మర్చిపోయి లేవబోయాను. అప్పటికే పక్కన అత్తయ్యగారు లేచి నిలబడి ఉన్నారు.

మా చర్చిలో సాక్ష్యం చెప్పడమని ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా లేచి తమ జీవితంలో జరిగింది సంఘం ముందు చెప్పుకోవచ్చు. అత్తయ్యగారు బతుకులో ఎన్నడూ సాక్ష్యం చెప్పలేదు, నలుగురి ముందు మాట్లాడాల్సి వస్తే వంటింట్లోకి తప్పుకునే మనిషి. ఎవరో మైకు అందించారు. దేవునికి స్తోత్రం అని మొదలుపెట్టడం రివాజు. ఆవిడ అది కూడా మర్చిపోయారు.

"ఆయనకి చేతకాక కాదండి. అక్షరాలు ఆ క్యాసెట్టులో ఉన్నాయి. నేను నా కళ్ళతో చూశాను. అ నుంచి ఱ దాకా మా ఇంట్లో టీవీ మీద వచ్చినాయి. ఆ క్యాసెట్టు టేపులో పెడితే కీచుమంది. పాడైపోయిందనుకుని దాని మీద మా అక్కకి మాట్లాడి ఊరు పంపాను. చెరిపేసింది నేను. ఆయన ఆఫీసు నుంచి తల దించుకుని వచ్చినరోజే నాకు తెలిసింది. చెప్పడానికి భయమేసింది. తర్వాత్తర్వాత చెప్పకపోవడం అలవాటైపోయింది." అక్కడ ఆగి, మైకు ఎవరికివ్వాలో తెలియక అటూ ఇటూ చూసి, "ఆయన సరిగ్గానే ఎక్కించారు" అని కూర్చుండిపోయారు.

వెనక వరసలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మావయ్యగారు స్టేజీ మీద కదలకుండా నిలబడ్డారు. ఆయన ముఖంలో కోపం లేదు, సంతోషం లేదు. చాలాసేపు ఏదో కూడిక వేసుకుంటున్న మనిషిలా కనిపించారు. తర్వాత టేప్ ఆపి, తీగలు ఒక్కొక్కటీ విప్పి, చుట్టలు చుట్టి, కంప్యూటరుని తెచ్చిన లుంగీలోనే మూటకట్టుకున్నారు. పాస్టరుగారు ముగింపు ప్రార్థన చేశారు. భోజనాల దగ్గర పాతవాళ్ళలో ఒకాయన వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "నేను చూశాను బ్రదర్. మీ ఇంట్లో ఒకసారి 'య' చూపించావు, తోక వంకరగా ఉందన్నాను" అన్నాడు. మావయ్యగారు తలూపారు. బిర్యానీ తినలేదు.

తిరుగు దారిలో మా ఆయన డ్రైవ్ చేస్తున్నారు, మావయ్యగారు ముందు సీట్లో, మేమిద్దరం వెనక.  అత్తయ్యగారు కొంగుతో ముక్కు తుడుచుకుంటున్నారు. నాలుగు సిగ్నళ్ళు దాటాక మావయ్యగారు వెనక్కి తిరగకుండానే అడిగారు.

"మీ అక్కకి ఏం చెప్పావు అందులో?"

"పిల్లాడి సంగతులు. ఎండల సంగతి."

"ఇంకా?"

అత్తయ్యగారు నా వైపు చూశారు. నేను సాయపడలేదు.

"మీకు కంప్యూటర్ పిచ్చి పట్టిందని చెప్పాను. డ్యూటీ నుంచి రాగానే దాని ముందే కూర్చుంటున్నారు, నాతో గానీ పిల్లాడితో గానీ ఒక్క మాట లేదని చెప్పాను. ఆ పిచ్చి వదిలిపోవాలని ఉపవాసముండి ప్రార్థన చెయ్యక్కా అన్నాను."

మా ఆయన కారు వేగం తగ్గించారు. మావయ్యగారు ఒళ్ళో ఉన్న లుంగీ మూట సర్దుకున్నారు.

"చేసిందా?"

"నలభై రోజులు చేశానని జవాబులో చెప్పింది."

ఆయన ముందున్న రోడ్డు వైపు చూశారు.

"గట్టిగానే చేసింది" అన్నారు.